జలాంతర్గామి నావికుడు వాసిలీ ఆర్ఖిపొవ్
(తెలుగు సాంస్కృతిక సంఘ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



విశాఖపట్టణమున రామకృష్ణా బీచి ఒడ్డున నిలిపియుంచిన కుర్సురా జలాంతర్గామిని చూడని తెలుగు కుటుంబములు ఈ సభయందు బహు కొద్దిగానే యుండును. సెలవులకు స్వస్థలములకు పోయినపుడు పిల్లలను వెంటబెట్టుకొని అందులో ప్రవేశించినవారికి అనుభవము జ్ఞప్తియందే యుండును. గుండ్రని ద్వారముల గుండ తలవంచి, కాలెత్తి, ఒక గదినుండి మరియొక గదికి దాటవలెను. ఇరుప్రక్కల గొట్టములు, చక్రములు, కొలతల గడియారములు. మనుష్యుడు పరుండుటకు ఒక బల్ల వెడల్పు చోటు. పది నిమిషములలో ఆ చివరనుండి బయటపడి సముద్రపు గాలి పీల్చినపుడు "హమ్మయ్య" యనని వారుండరు.

ఆ నౌక 1969 డిసెంబరు 18వ తేదీన, నాటి సోవియట్ యూనియనునందలి రీగా రేవులో భారత నౌకాదళమున చేరెను. 31 సంవత్సరములు సేవచేసి 2001 ఫిబ్రవరి 27వ తేదీన విశ్రాంతి గైకొనెను. 2002 ఆగస్టునుండి ప్రదర్శనశాలయై ప్రజలకు దర్శనమిచ్చుచున్నది. పాశ్చాత్యులు ఈ జాతి జలాంతర్గాములకు ఫాక్స్‌ట్రాట్ అని పేరిడిరి. ఉష్ణమండల జలములకు తగినట్లు కొన్ని మార్పులతో మన దేశమునకు వచ్చినది కుర్సురా. మార్పులేవియు లేక, ఉత్తర ధ్రువ ప్రాంతపు చల్లని నీళ్లకొరకే నిర్మింపబడిన దాని తోబుట్టువు ఒకటి కలదు. దాని పేరు బి-59. 1962 అక్టోబరు 27వ తేదీన ఆ బి-59 గర్భమున జరిగిన ఒక చిన్న సంభాషణపై ప్రపంచముయొక్క క్షేమము ఆధారపడియుండెనని నేడు చరిత్రకారులు పలువురు భావించుచున్నారు. ఆ సంభాషణలో శాంతవచనము పలికినవాడు వాసిలీ అలెక్సాంద్రోవిచ్ ఆర్ఖిపొవ్. ఆ నావికుని జీవితమును స్మరించుటయే ఈ ప్రసంగ విషయము.

ఆర్ఖిపొవ్ 1926 జనవరి 30వ తేదీన మాస్కో నగర సమీపమున, స్తారయా కుపావ్నా ప్రాంతమున, ఒక రైతు కుటుంబమునందు జన్మించెను. సముద్రము ఆ ఊరికి చాల దూరము. అయినను బాలుడు నౌకావిద్యనే కోరుకొని పసిఫిక్ నౌకా విద్యాలయమున చేరెను. 1945 ఆగస్టులో సోవియట్ యూనియను జపానుపై యుద్ధమునకు దిగినపుడు, పందొమ్మిదేండ్ల ఆ విద్యార్థి సముద్రమున పరచిన మందుపాతరలను ఏరివేయు నౌకపై పనిచేసెను. అనంతరము కాస్పియన్ నౌకా విద్యాలయమునకు మారి, 1947లో పట్టభద్రుడై, జలాంతర్గాముల శాఖలో ప్రవేశించెను. నల్లసముద్రమునను, ఉత్తర సముద్రములలోను, బాల్టిక్‌నందును క్రమక్రమముగా పని నేర్చి పైకివచ్చెను. ఇంతవరకు ఆయన జీవితము వేలకొలది నావికుల జీవితమువంటిదే.

ఆయనకు మొదటి పరీక్ష 1961 జూలై 4వ తేదీన ఎదురయ్యెను. అప్పటికి ఆయన కె-19 అను జలాంతర్గామిలో ఉపనాయకుడుగా నుండెను. అణుశక్తితో నడచుచు క్షిపణులను మోయగల సోవియట్ జలాంతర్గాములలో అదియే మొదటిది. ఉత్తర అట్లాంటికున విన్యాసములలో నుండగా దాని రెండు రియాక్టర్లలో ఒకదానికి చల్లని నీరందించు ఏర్పాటు చెడిపోయెను. నీరందని రియాక్టరు గంట గంటకు కాగిపోజొచ్చెను. అట్టి ఆపద కలిగినచో నీరు పంపుటకు వేరొక ఏర్పాటు ఆ నౌకలో లేకుండెను. దూరమునకు వార్తలు పంపు రేడియోయు పనిచేయకుండెను.

నౌకానాయకుడు నికొలాయ్ జతేయెవ్ ఒక కఠిన నిర్ణయము చేయవలసి వచ్చెను. రియాక్టరుగదిలోనికి మనుష్యులను పంపి, అప్పటికప్పుడు గొట్టము నతికించి, నీరు పారించవలెను. లోపలికి పోయినవారు రేడియేషను వాతబడుట నిశ్చయము. నావికులు వంతులవారీగా పోయిరి, పని ముగించిరి. రియాక్టరు చల్లబడెను. ఆ పని చేసినవారిలో ఎనిమిదిమంది మూడు వారములలోపలనే మరణించిరి. తరువాతి సంవత్సరములలో మరికొందరును వారి మార్గము ననుసరించిరి. నౌకలోని వారందరికిని ఎంతో కొంత రేడియేషను సోకెను. ఉపనాయకుడును అందుకు మినహాయింపు కాలేదు.

ఆ గడియలలో నౌకయందు అలజడి పుట్టెను. తిరుగుబాటు జరుగునేమోయను భయముతో జతేయెవ్ చిన్న ఆయుధములను సముద్రమున పారవేయించి, కొన్నిటిని మాత్రము నమ్మకస్థులైన అధికారులకడ నుంచెను. ఆ సమయమున నాయకునికి అండగా నిలిచి క్రమశిక్షణను కాపాడినవారిలో ఆర్ఖిపొవ్ ముఖ్యుడు. కంటికి కనబడని అణుకిరణము మనుష్యుని శరీరమును ఏమిచేయునో ఆయన చేరువనుండి చూచెను. పదునైదు నెలల తరువాత బి-59లో ఆయన మాటకు తూనిక కలుగుటకు ఈ అనుభవమే కారణమని పలువురు చెప్పుదురు. పుస్తకమున చదివి తెలిసికొనుటకును, సహచరుల పాడెలు మోసి తెలిసికొనుటకును భేదము కలదు గదా.

ఇక 1962వ సంవత్సరపు కథ. క్యూబా ద్వీపమున సోవియట్ క్షిపణులు నిలుపబడుచుండెను. వానికి తోడుగా అక్టోబరు 1వ తేదీన ఉత్తర నౌకాదళమునుండి నాలుగు ఫాక్స్‌ట్రాట్ జలాంతర్గాములు రహస్యముగా బయలుదేరెను. ఒక్కొక్కదానియందు ఇరువదిరెండు టార్పీడోలు. అందులో ఒక్కొక్కటి అణుటార్పీడో. దాని పేలుడు శక్తి సుమారు 10 కిలోటన్నులని చెప్పుదురు. 1945లో హిరోషిమాపై వేయబడిన బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు. పోల్చి చూచినచో అది ఎట్టి ఆయుధమో తెలియగలదు.

బి-59కు నాయకుడు వాలెంతిన్ సవీత్స్కీ. నౌకలో రాజకీయాధికారి ఇవాన్ మాస్లెన్నికొవ్. ఆర్ఖిపొవ్ ఆ నాలుగు నౌకల బ్రిగేడుకు చీఫ్ ఆఫ్ స్టాఫ్. ఆయన ఆ యాత్రలో బి-59నందు ప్రయాణము చేయుచుండెను. నౌకను నడుపు అధికారము సవీత్స్కీదే. ఆర్ఖిపొవ్ హోదాలో ఆయనకు సమానుడు, బ్రిగేడు పదవిచేత కొంత పెద్ద. ఈ విచిత్రమైన అమరిక యాదృచ్ఛికమే. ఆర్ఖిపొవ్ తక్కిన మూడు నౌకలలో దేనినైన నెక్కియుండవచ్చును.

డీజిలు జలాంతర్గామి పనిచేయు విధమును ఇచ్చట కొంచెము చెప్పవలెను. నీటిపైనున్నపుడు డీజిలు యంత్రములు నౌకను నడుపును, బ్యాటరీలను నింపును. ఆ యంత్రములకు గాలి కావలెను. కనుక నీటిలోతున అవి పనిచేయవు. లోపల మునిగియున్నంతకాలము నౌక బ్యాటరీలపైననే నడువవలెను. బ్యాటరీ తరిగినకొలది వేగము తగ్గును, దీపములు మందగించును, గాలిని శుభ్రపరచు యంత్రములును నిలిచిపోవును. తిరిగి నింపుకొనుటకు నౌక పైకి రావలెను, లేదా గాలిగొట్టమును నీటిపైకెత్తవలెను. శత్రువు తలపైన కాచియున్నపుడు ఈ రెండును అసాధ్యములే. జలాంతర్గామిని పట్టుటకు దానిని కొట్టనక్కరలేదు. పైనుండి కదలక కాచియున్న చాలును. బ్యాటరీయే దానిని పైకి తెచ్చును.

అక్టోబరు 22వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ క్యూబాచుట్టును నౌకా దిగ్బంధమును ప్రకటించెను. అమెరికా నౌకలును విమానములును సోవియట్ జలాంతర్గాముల కొరకు సముద్రమును గాలింపసాగెను. రాండాల్ఫ్ అను విమానవాహక నౌకయు, దానితోడి డిస్ట్రాయర్లును బి-59ను పసిగట్టి వెంటాడెను. ఉత్తర సముద్రములకొరకు కట్టబడిన ఆ నౌకలో వెచ్చని నీళ్లలో చల్లదనము కల్పించు సాధనములు లేవు. లోపలి ఉష్ణము 45 డిగ్రీలు దాటెను. యంత్రముల గదులలో 60 డిగ్రీల వరకు పోయెను. త్రాగుటకు మనిషికి దినమునకు ఒక గ్లాసెడు నీరు. బొగ్గుపులుసు వాయువు పెరిగి మనుష్యులు నిలుచున్నచోటనే సొమ్మసిల్లి పడుచుండిరి. ఒంటిపై పొక్కులు లేచెను. మాస్కోనుండి వార్త లేదు. పైన శాంతియో యుద్ధమో తెలియదు.

27వ తేదీ శనివారము. ఆనాడే క్యూబాపై అమెరికా యు-2 విమానమొకటి కూల్చబడి, వైమానికుడు మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ మరణించెను. రెండు పక్షములవారి చేతులును ఆయుధములపైననే యుండెను. ఆనాటి సాయంకాలము డిస్ట్రాయర్లు బి-59ను పైకి రప్పించుటకు నీళ్లలోనికి చిన్న డెప్త్ ఛార్జీలను జారవిడువసాగెను. అవి అభ్యాసమునకు వాడునవి. చప్పుడు పెద్దదిగాని నౌకను పగులగొట్టు శక్తి లేనివి. "పైకి రండు" అనుట వాని భావము. ఈ సంకేత పద్ధతిని అమెరికా ప్రభుత్వము మాస్కోకు ముందే తెలియజేసియుండెను. ఆ సమాచారము మాత్రము నీళ్లలోనున్న నావికులకు చేరలేదు. ఇనుప పీపాలో కూర్చుండియుండగా ఎవరో పైనుండి సమ్మెటతో మోదుచున్నట్లుండెనని ఆ నౌకలో రేడియో నిఘా పనిచేసిన వదీమ్ ఒర్లోవ్ తరువాతి కాలమున వర్ణించెను.

అప్పుడు సవీత్స్కీ సహనము తెగిపోయెను. పైన యుద్ధమారంభమై యుండునని తలచి, అణుటార్పీడోను సిద్ధపరుపుమని ఆయన ఆజ్ఞాపించెనని ఒర్లోవ్ సాక్ష్యము. మునుగవలసి వచ్చినచో శత్రువునుగూడ ముంచియే మునుగుదమని ఆయన భావము. ఆర్ఖిపొవ్ ఆయనను వారించెను. ఇవి మనలను కొట్టుటకు వేసినవి కావని, నౌకకు దెబ్బ తగులలేదని, పైకి పోయి సంగతి తెలిసికొనుటయే కర్తవ్యమని నచ్చజెప్పెను. ఎంతసేపు వాదన జరిగెనో ఎవరును గడియారము చూచి వ్రాయలేదు. తుదకు సవీత్స్కీ శాంతించెను. నౌకను పైకి తెమ్మని ఆజ్ఞ యిచ్చినవాడును ఆయనయే.

ఈ సంఘటనను చెప్పినవారి మాటలలో భేదములు కలవు. టార్పీడో ప్రయోగమునకు ముగ్గురధికారుల సమ్మతి కావలసియుండెననియు, ఇద్దరు సరేయనగా ఆర్ఖిపొవ్ ఒక్కడే కాదనెననియు లోకమున వ్యాపించిన కథ ఒకటి. అపాయము నౌక పైకి వచ్చిన పిదపనే కలిగెనని మరియొక కథనము. 1997లో ఆర్ఖిపొవ్ తానే సమర్పించిన నివేదిక ఈ రెండవదానికి దగ్గరగా నున్నది. రాత్రివేళ పైకి తేలిన నౌకపై అమెరికా విమానములు అతి క్రిందుగా ఎగురుచు, కండ్లు మిరుమిట్లు గొలుపు దీపములు వేసి, నౌక చుట్టును కాల్పులు జరిపెననియు, తొందరపడిన నాయకుడు దానిని దాడిగా తలచి వెంటనే మునుగుమని ఆజ్ఞాపించి యుద్ధమునకు దిగియుండవచ్చుననియు ఆయన అందులో వివరించెను. ఏ కథనమును గైకొన్నను మూడు విషయములు మారవు. ఆ నౌకలో అణుటార్పీడో యుండెను. నాయకుడు దాడి జరుగుచున్నదని తలచుటకు తగిన కారణములుండెను. ఆ టార్పీడో గొట్టమునుండి వెలువడలేదు.

సవీత్స్కీని దోషిగా చూపుట న్యాయము కాదు. గాలిలేక, నీరులేక, వార్తలేక, తలపై ప్రేలుళ్లు వినుచున్న నాయకునికి ఎనుబదిమంది ప్రాణములు చేతిలోనుండెను. కోపమున ఆజ్ఞాపించుట మానవ స్వభావము. ఆ కోపమున ఒక సహచరుని మాట విని వెనుకకు తగ్గుట అంతకంటె అరుదైన గుణము. ఆర్ఖిపొవ్ చెప్పెను, సవీత్స్కీ వినెను. ఇందులో ఏ యొక్కటి లోపించినను ఆనాటి ఫలము వేరుగా నుండెడిది.

పైకివచ్చిన బి-59ను అమెరికా నౌకలు చుట్టుముట్టెను. దీపసంకేతములతో ప్రశ్నోత్తరములు జరిగెను. ఎవరును కాల్చలేదు. బ్యాటరీలు నింపుకొని, తరువాత సమయము చూచి బి-59 మరల మునిగి తప్పించుకొనిపోయెను. 28వ తేదీన సోవియట్ ప్రధాని క్రుశ్చేవ్ క్యూబానుండి క్షిపణులను తొలగింతుమని ప్రకటించెను. లోకము ఊపిరి పీల్చుకొనెను. ఆ ఊపిరి వెనుక ఒక జలాంతర్గామి యున్నదని నాడు లోకమునకు తెలియదు.

ఇంటికి చేరిన నావికులకు స్వాగతమెట్లుండెనో వినుడు. రహస్యముగా పోవలసిన నౌకలు శత్రువుకంట బడెనని, పైకి తేలి పరువు తీసెనని పై అధికారులు కొందరు మందలించిరి. ఆ వెచ్చని నీళ్లలో ఆ నౌకలు ఏపాటి అవస్థ పడెనో విచారించినవారు తక్కువ. ప్రాణములొడ్డి, యుద్ధమును తప్పించి వచ్చినవారికి దక్కినది సంజాయిషీ. కార్యాలయములలో పనిచేయువారికి ఈ అనుభవము క్రొత్తది కాదు. చేసిన తప్పునకు కాగితముపై లెక్కయుండును. జరుగనీయని అనర్థమునకు ఏ దస్త్రమునందును పుట యుండదు.

ఆర్ఖిపొవ్ ఎవరిపైనను నిష్ఠూరములాడలేదు. ఇంటిలో సయితము ఆ యాత్రను గూర్చి మాటలాడుట ఆయనకు ఇష్టము లేకుండెనని ఆయన భార్య తరువాతి కాలమున చెప్పెను. తాము పడిన పాట్లను ఎవరును గుర్తింపలేదను బాధ ఆయనకు లోలోపల నుండెనట. ఆ బాధను మ్రింగి ఆయన తిరిగి పనిలో ప్రవేశించెను. జలాంతర్గాములకును, తరువాత జలాంతర్గాముల దళములకును నాయకత్వము వహించెను. 1975లో రియర్ అడ్మిరలయ్యెను. బాకూ నగరమున, తాను చదివిన కాస్పియన్ నౌకా విద్యాలయమునకే అధిపతియై యువకులకు విద్య గరపెను. 1981లో వైస్ అడ్మిరల్ హోదా లభించెను. 1980వ దశకపు నడిమికాలమున పదవీవిరమణ చేసి, పుట్టినచోటికి చేరువనే, కుపావ్నాలో స్థిరపడెను.

విశ్రాంత జీవితమున ఆయనను చూచినవారికి ఆయన ఒక సామాన్యుడైన వృద్ధుడు. సోవియట్ యూనియను 1991లో అంతరించెను. పాత రహస్యములు ఒక్కొక్కటిగా వెలికి రాజొచ్చెను. 1998 ఆగస్టు 19వ తేదీన ఆర్ఖిపొవ్ తన 72వ ఏట మూత్రపిండముల క్యాన్సరు వ్యాధితో మరణించెను. 1961లో సోకిన రేడియేషను ఇందుకు కొంత కారణమై యుండవచ్చును. కె-19 నాయకుడు జతేయెవ్‌యు అదే నెల 28వ తేదీన, తొమ్మిది దినముల యెడముతో, కన్ను మూసెను.

ఆర్ఖిపొవ్ పేరు లోకమునకు తెలిసినది ఆయన మరణించిన నాలుగేండ్లకు. 2002 అక్టోబరులో, నలుబదేండ్ల సందర్భమున హవానా నగరమున నాటి విరోధులు ఒకచోట సమావేశమైరి. కెన్నెడీ ప్రభుత్వమున రక్షణమంత్రిగా పనిచేసిన మెక్‌నమారాయు అందు పాల్గొనెను. జలాంతర్గాములలో అణుటార్పీడోలుండిన సంగతియు, బి-59లో జరిగిన సంగతియు అప్పుడు బహిరంగముగా చర్చకు వచ్చెను. ఆ సముద్రముపై డిస్ట్రాయర్లలో నుండి డెప్త్ ఛార్జీలు జారవిడిచిన అమెరికా నావికులకు తమ నౌకల క్రింద ఏమి యుండెనో అంతవరకు తెలియనే తెలియదు. 2017 అక్టోబరు 27వ తేదీన, సరిగా యేబదియైదేండ్లకు, ఫ్యూచర్ ఆఫ్ లైఫ్ సంస్థ తన మొదటి పురస్కారమును ఆర్ఖిపొవ్‌కు ప్రకటించి, లండను నగరమున ఆయన కుటుంబమున కందజేసెను. బి-59 కుర్సురావలె ఏ తీరమునను నిలువలేదు. ఆ నావికుని జ్ఞాపకమే దానికి ప్రదర్శనశాల.

సభికులారా! మహాభారతమున సౌప్తికపర్వపు కథ అందరు నెరిగినదే. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించెను. దానికి మారుగా అర్జునుడును అదే అస్త్రమును విడిచెను. రెండు జ్వాలలును కలిసినచో లోకము దగ్ధమగునని వ్యాస నారదులు నడుమ వచ్చి నిలిచి, ఉపసంహరింపుడని కోరిరి. అర్జునుడు ఉపసంహరించుకొనెను. అశ్వత్థామకు విడుచుట తెలిసెనేగాని మరలించుట తెలియదు. మహర్షులు నడుమ నిలిచినను అతని అస్త్రము ఫలము చూపకపోలేదు. ఈ యుగపు అస్త్రములన్నియు అశ్వత్థామ అస్త్రములే. విడిచిన పిదప మరలింప నెవ్వరికిని శక్యము కాదు. కనుక వ్యాసుడును నారదుడును ఇప్పుడు అస్త్రము విడువకముందే రావలెను. 1962లో ఆ పనికి ఋషులు రాలేదు. ఇనుపగదిలో చెమటలు క్రక్కుచున్న ఒక నౌకాధికారి ఆ పని చేసెను.

ఆయన చేసిన విధమును గమనింపవలెను. ఆయన ఆజ్ఞను ధిక్కరింపలేదు. తిరుగుబాటు చేయలేదు. నాయకుని అవమానింపలేదు. తన పదవిచేత తనకు గలిగిన హక్కును వాడి, తానెరిగిన సత్యమును, ఎదుటివాడు విను రీతిని చెప్పెను. మరునాడు దానిని చాటుకొనలేదు. ప్రభుత్వ సేవయందున్నవారికి విధేయత ధర్మము. పైవాడు తొందరపాటున తప్పుదారిన పోవుచున్నపుడు నెమ్మదిగా అడ్డుపడుటయు ఆ ధర్మములోని భాగమే. ఈ రెండును ఒక్క మనుష్యునిలో ఇముడుట కష్టము. ఇమిడినపుడు ఎంతటి మేలు కలుగునో ఆర్ఖిపొవ్ జీవితము చూపుచున్నది.

మన దేశపు జలాంతర్గామి శాఖ 1967 డిసెంబరు 8వ తేదీన కల్వరీ నౌకతో ఆరంభమయ్యెను. అదియు బి-59 జాతిదే. ఆ శాఖకు శిక్షణ నొసగు విద్యాలయము విశాఖపట్టణమున శాతవాహన అను పేరుతో వెలయుచున్నది. తెలుగు నేలనేలిన రాజవంశపు పేరు ధరించిన ఆ పాఠశాలనుండి యువకులు నీటిలోతులకు పోవుచున్నారు. తెలుగు ఇండ్లనుండియు వారు పోవుచున్నారు. నెలలతరబడి వారు ఎచ్చటనుందురో కన్నతల్లికిని తెలియదు. వారి సేవలో అధికభాగము ఎవరికిని తెలియకయే ముగియును.

ఈసారి సెలవులకు విశాఖకు పోయినపుడు పిల్లలను మరల కుర్సురాలోనికి తీసికొనిపొండు. నడుమనున్న నియంత్రణ గదిలో ఒక నిమిషము నిలువుడు. అట్టి గదిలోనే, దీపములు మందగించిన వేళ, ఇద్దరధికారులు మాటలాడుకొనిరని వారికి చెప్పుడు. ఒకడు "కొట్టుదము" అనెననియు, మరియొకడు "కొంచెమాగుము, పైకి పోయి చూతము" అనెననియు చెప్పుడు. చూచినందువలననే నేడు మనమీ సభలో కూర్చుండగలిగితిమని చెప్పుడు. వాసిలీ ఆర్ఖిపొవ్ స్మృతికి అంతకు మించిన నివాళి అక్కరలేదు.